లైనక్స్‌లో కొత్త వెర్షన్ కావాలా..? సిస్టమ్ పాడవకుండా తెచ్చుకునే దారులు ఇవే!

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కి సరిపోని పాత లాప్‌టాప్‌ను పక్కన పడేయకుండా, అందులో లైనక్స్ వేసుకునే వాళ్లూ ఉన్నారు. అలాంటి వాళ్లకు త్వరగా ఎదురయ్యే డౌట్ ఒకటుంది. సిస్టమ్ ఇప్పుడే వేశాం, అప్‌డేట్లు కూడా చేశాం, మరి సాఫ్ట్‌వేర్లు పాత వెర్షన్‌లోనే ఎందుకున్నాయి? కొత్తవి ఎలా తెచ్చుకోవాలి? డెబియన్ లైనక్స్ ఉదాహరణతో తెలుసుకుందాం.

అసలు పాతవి ఎందుకు ఇస్తారు?

డెబియన్‌లో స్టేబుల్ వెర్షన్ సుమారు రెండేళ్లకోసారి వస్తుంది. 12వ వెర్షన్ ‘బుక్‌వార్మ్’ 2023 జూన్‌లో, 13వ వెర్షన్ ‘ట్రిక్సీ’ 2025 ఆగస్టులో వచ్చాయి. రిలీజ్‌కు కొన్ని నెలల ముందే సాఫ్ట్‌వేర్ వెర్షన్లను ఫ్రీజ్ చేస్తారు. ఆ తర్వాత కొత్త ఫీచర్లు ఇవ్వరు, తప్పుల్ని మాత్రమే సరిచేస్తారు. అందుకే 2025 మార్చిలో ఫొటో ఎడిటర్ గింప్ 3.0 వచ్చినా, డెబియన్ 12 వాడేవారికి 2.10 వెర్షనే కనిపిస్తుంది.

పాతది అంటే సేఫ్ కాదని అర్థమా? కాదు. సెక్యూరిటీ లోపం బయటపడితే, దాన్ని సరిచేసే కోడ్‌ను పాత వెర్షన్‌కే అతికించి పంపుతారు. వెర్షన్ నంబర్ చివర ‘డెబ్13యూ1’ లాంటి తోక కనిపిస్తే, డెబియన్ 13 కోసం దాన్ని సరిచేసి పంపారని అర్థం. ముందున్న నంబర్ మారలేదని కంగారు పడక్కర్లేదు.

కొత్తదే కొంప ముంచిన వేళ

2024 మార్చి 29న టెక్ ప్రపంచం ఉలిక్కిపడింది. దాదాపు ప్రతి లైనక్స్‌లోనూ ఉండే ‘ఎక్స్‌జెడ్’ అనే చిన్న టూల్‌లో దొంగదారి ఉందని మైక్రోసాఫ్ట్ ఇంజినీర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్ బయటపెట్టారు. రిమోట్ లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేంటని ఆరా తీస్తే ఇది దొరికింది. ఆ దొంగదారి ఉన్నది కొత్త వెర్షన్లు 5.6.0, 5.6.1లోనే. డెబియన్ టెస్టింగ్, అన్‌స్టేబుల్ విభాగాల్లోకి అవి వచ్చేశాయి. స్టేబుల్‌లో మాత్రం పాత 5.4 వెర్షనే ఉండటంతో ఆ యూజర్లు బతికిపోయారు.

మరి కొత్తది తప్పనిసరైతే?

1. బ్యాక్‌పోర్ట్స్: డెబియన్ వాళ్లే ఇచ్చే దారి ఇది. టెస్టింగ్‌లోని కొత్త ప్యాకేజీని స్టేబుల్‌కు సరిపోయేలా మళ్లీ తయారు చేసి ఇందులో పెడతారు. దీన్ని ఆన్ చేసినంత మాత్రాన సిస్టమ్ మొత్తం మారిపోదు. ఇన్‌స్టాల్ కమాండ్‌లో ‘మైనస్ టీ’ పెట్టి, ‘ట్రిక్సీ-బ్యాక్‌పోర్ట్స్’ అని అడిగినప్పుడే కొత్తది వస్తుంది. కొత్త వైఫై చిప్‌కు సపోర్ట్ కోసం కొత్త కెర్నల్ కావాలంటే ముందుగా చూడాల్సింది ఇక్కడే. అయితే స్టేబుల్‌కు ఉన్నంత సెక్యూరిటీ గ్యారంటీ దీనికి ఉండదు. అన్ని సాఫ్ట్‌వేర్లూ ఇందులో దొరకవు.

2. ఫ్లాట్‌ప్యాక్: గింప్, వీడియో ఎడిటర్ల వంటి యాప్స్‌కు ఇది ఈజీ. యాప్‌కు కావాల్సిన లైబ్రరీలు విడిగా వస్తాయి కాబట్టి సిస్టమ్ ఫైళ్ల జోలికి వెళ్లదు. వద్దనుకుంటే తీసేయొచ్చు. కాకపోతే డిస్క్ స్పేస్ ఎక్కువ తింటుంది, మొదటి డౌన్‌లోడ్ పెద్దగా ఉంటుంది. మొబైల్ డేటా వాడేవారు ఇది గుర్తుంచుకోవాలి.

3. కంపెనీ సొంత రిపాజిటరీ: ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా వంటి సంస్థలు డెబియన్ కోసం నేరుగా కొత్త వెర్షన్లు ఇస్తున్నాయి. కానీ రిపాజిటరీని జోడించడమంటే ఇంటి తాళం చేతికిచ్చినట్టే. అందులోని ప్యాకేజీలు అడ్మిన్ అధికారాలతో ఇన్‌స్టాల్ అవుతాయి. నమ్మకమైన వాళ్లవే పెట్టుకోవాలి.

4. పైథాన్ నేర్చుకునే స్టూడెంట్స్‌కు: సిస్టమ్‌లోని పైథాన్‌ను కదిలించొద్దు, దాని మీద ఆధారపడిన టూల్స్ చాలానే ఉంటాయి. కొత్త లైబ్రరీలు కావాలంటే ప్రాజెక్ట్‌కో వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ పెట్టుకోవాలి. డెబియన్ 12 నుంచి ‘పిప్’తో నేరుగా సిస్టమ్‌లోకి ఇన్‌స్టాల్ చేయబోతే ఎర్రర్ వచ్చేది ఇందుకే.

ఈ పని మాత్రం చేయొద్దు!

ఒక్క యాప్ కోసం టెస్టింగ్ లేదా ‘సిడ్’ రిపాజిటరీని స్టేబుల్‌లో కలిపేయడం చాలామంది చేసే పొరపాటు. ఆ యాప్ తన వెంట కొత్త లైబ్రరీలను లాక్కొస్తుంది. చివరికి సిస్టమ్‌కు గుండెకాయ లాంటి సీ లైబ్రరీ కూడా మారిపోవచ్చు. ఇలా అతుకుల బొంతగా మారిన సిస్టమ్‌కు ‘ఫ్రాంకెన్‌డెబియన్’ అని ముద్దుపేరు కూడా ఉంది. వెనక్కి వద్దామంటే కుదరదు, ప్యాకేజీలను డౌన్‌గ్రేడ్ చేయడానికి డెబియన్ అధికారికంగా సపోర్ట్ ఇవ్వదు. ‘టాయ్ స్టోరీ’ సినిమాలో బొమ్మల్ని విరగ్గొట్టే అబ్బాయి పేరే సిడ్. అన్‌స్టేబుల్‌కు ఆ పేరు ఊరికే రాలేదు!

ఏ దారి ఎంచుకున్నా, ‘వై’ నొక్కే ముందు స్క్రీన్ మీద వచ్చే లిస్ట్ చదవాలి. ఒక్క యాప్ అడిగితే పదుల కొద్దీ ప్యాకేజీలు తీసేస్తామని చూపిస్తే ‘ఎన్’ నొక్కి ఆగిపోవడమే బెటర్. ఒకటి రెండు యాప్స్ కాదు, అన్నీ కొత్తవే కావాలనుకుంటే ఫైళ్లను బ్యాకప్ తీసుకుని డెబియన్ 12 నుంచి 13కి మారిపోవచ్చు. 12లో 2.10 దగ్గర ఆగిన గింప్, 13లో 3.0గానే వస్తుంది.