డాబా మీద యాంటెన్నా, ఫోన్‌లో మన సొంత విమానాల మ్యాప్: ఏడీఎస్-బీ రిసీవర్ ఇంట్లోనే పెట్టుకోవడం ఎలా?

ఫ్లైట్‌రాడార్24 యాప్ మనలో చాలామంది ఫోన్లలో ఉంటుంది. పైన విమానం వెళ్తుంటే యాప్ తీసి, ఎక్కడి నుంచి ఎక్కడికో చూసుకుంటాం. కానీ ఆ మ్యాప్‌లో పసుపు రంగులో కదిలే బొమ్మ ప్రతిసారీ నిజంగా వచ్చిన సిగ్నల్ కాదు. దగ్గర్లో ఏ రిసీవరూ లేకపోతే, విమానం చివరిగా ఏ దిశలో ఎంత వేగంతో వెళ్లిందో చూసి, ఇప్పుడు ఇక్కడ ఉండొచ్చని యాప్ కొంతసేపు అంచనా వేసి చూపిస్తుంది. మరి నిజంగా సిగ్నల్ వినేది ఎవరు? ఎక్కువగా మనలాంటి వాళ్లే. 2006లో ఇద్దరు స్వీడన్ ఔత్సాహికులు మొదలుపెట్టిన ఆ నెట్‌వర్క్, ప్రపంచమంతా ఇళ్ల మీద పెట్టిన రిసీవర్లతోనే పెరిగింది.

నేను వీరులపాడులో డాబా మీద ఒకటి పెట్టాను. ఒకప్పటి కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతం, 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లా. ఇలాంటి చోట రిసీవర్ పెడితే ఏం కనిపిస్తుంది, ఏం కనిపించదు, ఏం కొనాలి, దేని మీద డబ్బులు తగలేయక్కర్లేదు అనేవి ఈ ఆర్టికల్‌లో చూద్దాం.

విమానం ఏం చెబుతుంది?

పాతకాలం రాడార్ పద్ధతిలో నేల మీది యాంటెన్నా అడుగుతుంది, విమానం జవాబిస్తుంది. ఏడీఎస్-బీలో ఎవరూ అడగక్కర్లేదు. విమానం తన జీపీఎస్ చెప్పిన స్థానాన్ని తనంతట తానే 1090 మెగాహెర్ట్జ్ మీద అందరికీ వినిపించేలా పంపుతూనే ఉంటుంది. గాల్లో ఉన్నప్పుడు స్థానం సెకనుకు సుమారు రెండుసార్లు, వేగం కూడా రెండుసార్లు, ఫ్లైట్ పేరు 5 సెకన్లకోసారి.

ఒక్కో మెసేజ్ 112 బిట్లు. ముందు వచ్చే గుర్తు పల్స్‌లతో కలిపి మొత్తం 120 మైక్రోసెకన్లలో అయిపోతుంది. అందులో 24 బిట్లు విమానం చిరునామా. మన బండి నంబర్ ప్లేట్ లాంటిదే. భారత్‌కు కేటాయించిన చిరునామాలు 800000 నుంచి 83ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్ వరకు. కాబట్టి 80, 81, 82, 83తో మొదలైతే అది మన దేశంలో రిజిస్టరైన విమానమని చూడగానే చెప్పేయొచ్చు. ఫ్లైట్ పేరులో ఐజీఓ అని ఉంటే ఇండిగో, ఏఐసీ అంటే ఎయిర్ ఇండియా, ఏఎక్స్‌బీ అంటే ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్, ఏకేజే అంటే ఆకాశ.

స్థానం పంపే పద్ధతి ఇంకా తెలివైనది. అక్షాంశం, రేఖాంశం పూర్తిగా పంపితే బిట్లు ఎక్కువవుతాయి. అందుకని ఒక్కోదానికి 17 బిట్లే వాడి, సరి మెసేజ్ ఒకటి, బేసి మెసేజ్ ఒకటి పంపుతుంది. రెండూ దగ్గర దగ్గరగా అందితే కలిపి లెక్కకట్టి అసలు స్థానం తీయొచ్చు. కొత్త విమానం లిస్టులోకి వచ్చినా మ్యాప్‌ మీదకు రావడానికి కాస్త టైమ్ పట్టేది ఇందుకే. రెండో సగం ఇంకా అందలేదన్నమాట.

ఈ మెసేజ్‌లకు ఎన్‌క్రిప్షన్ లేదు. అందుకే మన రిసీవర్ కూడా చదవగలుగుతోంది.

ఏం కొనాలి?

మొదటిది, ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్. నిజానికి ఇది కంప్యూటర్‌లో డిజిటల్ టీవీ చూడ్డానికి చేసిన యూఎస్‌బీ పుల్ల. ఇందులోని రియల్‌టెక్ ఆర్‌టీఎల్2832యూ చిప్ టీవీ పని పక్కన పెట్టి, గాల్లోని రేడియో శాంపిల్స్‌ను నేరుగా కంప్యూటర్‌కు ఇచ్చేయగలదని బయటపడి, 2012లో ఈ హాబీ అందరి చేతికీ వచ్చింది. అంతకుముందు ఇలాంటి రిసీవర్ అంటే చాలా ఖరీదైన వ్యవహారం. ట్యూనర్ చిప్ ఆర్820టీ లేదా ఆర్820టీ2 ఉన్నదే తీసుకోండి.

రెండోది, కంప్యూటర్. రాస్‌బెర్రీ పై ఉంటే మంచిదే, కానీ అది కొనే ముందు అటక మీద పడి ఉన్న పాత ల్యాప్‌టాప్ చూడండి. లైనక్స్ వేస్తే సరిపోతుంది. కేవలం రుచి చూడాలనుకుంటే ఓటీజీ కేబుల్‌తో డాంగిల్‌ను ఆండ్రాయిడ్ ఫోన్‌కే తగిలించొచ్చు. దానికి ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డ్రైవర్ యాప్, ఏడీఎస్-బీ చూపించే యాప్ కావాలి. అయితే డాంగిల్ ఫోన్ బ్యాటరీని గట్టిగానే తాగుతుంది, కాబట్టి 24 గంటల పనికి ఫోన్ పనికిరాదు.

మూడోది, యాంటెన్నా. ఇది కొనక్కర్లేదు. 300ను 1090తో భాగిస్తే 0.275 మీటర్లు, అంటే తరంగదైర్ఘ్యం 27.5 సెంటీమీటర్లు. అందులో నాలుగో వంతు 6.9 సెంటీమీటర్లు. ఎలక్ట్రికల్ షాపులో గట్టి రాగి తీగ తెచ్చి 6.9 సెంటీమీటర్ల ముక్కలు ఐదు కోయండి. నాలుగు మూలలా రంధ్రాలున్న ఎన్-టైప్ సాకెట్ మధ్య పిన్నుకు ఒక ముక్క నిలువుగా సోల్డర్ చేయండి. మిగతా నాలుగూ ఆ రంధ్రాల దగ్గర బిగించి, 45 డిగ్రీలు కిందికి వంచండి. సాలీడులా ఉంటుంది కాబట్టి దీన్ని స్పైడర్ యాంటెన్నా అంటారు. పైన పీవీసీ పైపు ముక్క, మూత పెట్టి సీల్ చేస్తే వాన నుంచీ కోతుల నుంచీ కాస్త రక్షణ.

నాలుగోది, కేబుల్. అసలు నష్టమంతా ఇక్కడే. 1 గిగాహెర్ట్జ్ దగ్గర సన్నటి ఆర్‌జీ-174 వైరు మీటరుకు సుమారు 1 డెసిబెల్ మింగేస్తుంది. అంటే 10 మీటర్లు వేస్తే సిగ్నల్ పవర్‌లో పదో వంతే కిందికి దిగుతుంది. ఆర్‌జీ-58 అయితే 6 డెసిబెల్స్ పైనే పోతాయి. 6 డెసిబెల్స్ పోవడం అంటే బలహీనమైన సిగ్నల్ అందే దూరం సగానికి పడిపోవడం. మరి మంచి కేబుల్ ఎక్కడ దొరుకుతుంది? డిష్ టీవీ బిగించే షాపులో! ఆ ఆర్‌జీ-6 కేబుల్ మీటరుకు సుమారు 0.2 డెసిబెలే తింటుంది. అది 75 ఓమ్‌లు, మన డాంగిల్ 50 ఓమ్‌లు కదా అని కొందరు భయపెడతారు. ఆ తేడాతో పోయేది 0.2 డెసిబెల్ కూడా ఉండదు. ఎఫ్ కనెక్టర్‌కు సరిపోయే అడాప్టర్లు కొనుక్కోండి, చాలు.

దగ్గర్లో సెల్ టవర్ ఉంటే 1090 ఫిల్టర్ కూడా కావాలి. 900 మెగాహెర్ట్జ్ బ్యాండ్ సిగ్నల్ బలంగా వచ్చి డాంగిల్ చెవులు మూసేస్తుంది. టవర్ దూరంగా ఉన్న ఊళ్లో ముందు ఫిల్టర్ లేకుండానే చూడండి, అవసరమైతే తర్వాత కొనొచ్చు.

ఎంత దూరం కనిపిస్తుంది?

దీనికి చిన్న లెక్క ఉంది. యాంటెన్నా ఎత్తు, విమానం ఎత్తు మీటర్లలో తీసుకుని, రెండిటి వర్గమూలాలూ కలిపి 4.12తో గుణిస్తే కిలోమీటర్లలో దూరం వస్తుంది. భూమి వంపు వల్ల అంతకుమించి కుదరదు. నేల నుంచి 10 మీటర్ల ఎత్తులో యాంటెన్నా ఉంటే:

- 35,000 అడుగుల్లో ఉన్న విమానం: సుమారు 439 కిలోమీటర్లు
- 10,000 అడుగులు: సుమారు 240 కిలోమీటర్లు
- 3,000 అడుగులు: సుమారు 137 కిలోమీటర్లు
- 1,000 అడుగులు: సుమారు 85 కిలోమీటర్లు

ఇవి అడ్డేమీ లేకపోతే వచ్చే గరిష్ఠ దూరాలు. వీటిని మా ఊరికి వర్తింపజేద్దాం. ఢిల్లీ-చెన్నై మధ్య సరళరేఖ గీస్తే వీరులపాడుకు పడమరగా 100 కిలోమీటర్ల దగ్గర్లో పోతుంది. కోల్‌కతా-బెంగళూరు రేఖ తూర్పున రాజమండ్రి వైపు నుంచి పోతుంది. అంత ఎత్తులో వెళ్లే విమానాలు రెండు వైపులా అందుతాయి. శంషాబాద్ ఇక్కడికి 200 కిలోమీటర్ల పైనే. కాబట్టి అక్కడ దిగే విమానం దాదాపు 8,000 అడుగుల దగ్గరే మన మ్యాప్ నుంచి మాయమవుతుంది. అది రిసీవర్ లోపం కాదు, భూమి గుండ్రంగా ఉండటం.

గన్నవరం సంగతి వేరు. దూరం సుమారు 50 కిలోమీటర్లే. లెక్క ప్రకారం కొన్ని వందల అడుగుల దాకా కనిపించాలి. కానీ ఆగ్నేయం వైపు కొండపల్లి కొండలు ఉన్నాయి. 20 కిలోమీటర్ల దూరంలో మన యాంటెన్నా కంటే 200 మీటర్లు ఎత్తున కొండ ఉందనుకోండి. దాని నీడ 50 కిలోమీటర్ల దగ్గరకు వెళ్లేసరికి 500 మీటర్లకు పైగా పెరుగుతుంది. అంటే దిగే విమానం చివరి 1,600 అడుగులు ఆ నీడలోనే. నా మ్యాప్‌లో కవరేజీ గీత ఆ వైపు లోపలికి కోసినట్టు ఉండేది ఇందుకే.

మరి యాంటెన్నా ఇంకా ఎత్తు పెంచితే? 10 నుంచి 20 మీటర్లకు పెంచినా భూమి వంపు లెక్కలో కలిసొచ్చేది 5 కిలోమీటర్లే. పొడవాటి ఇనప స్తంభానికి డబ్బులు పెట్టకండి. పక్కింటి వేపచెట్టు, వాటర్ ట్యాంకు దాటేంత ఎత్తు ఉంటే చాలు.

సాఫ్ట్‌వేర్ సెటప్

రెడిస్ డేటాబేస్ రాసిన సాల్వతోరే సాన్‌ఫిలిప్పో మొదట డంప్1090 అనే చిన్న ప్రోగ్రామ్ రాశారు. ఇప్పుడు వాడే చాలా డీకోడర్లు దాని వారసులే. నా సలహా రీడ్‌ఎస్‌బీ, దాని మీద టార్1090. రెండూ ఉచితం. ఇన్‌స్టాల్ అయ్యాక అదే వైఫైలో ఉన్న ఫోన్ బ్రౌజర్‌లో మ్యాప్ తెరుచుకుంటుంది. ఇంటర్నెట్ పోతే వెనకాల మ్యాప్ బొమ్మ రాకపోవచ్చు కానీ విమానాల లిస్టు ఆగదు, ఎందుకంటే సిగ్నల్ మన డాబా మీదే అందుతోంది.

గెయిన్‌ను ఒకేసారి ఫుల్‌లో పెట్టేసి వదిలేయకండి. మరీ ఎక్కువైతే దగ్గరి విమానాలే మాయమవుతాయి. ఒక్కో మెట్టు తగ్గిస్తూ, రోజూ ఒకే సమయంలో వచ్చే మెసేజ్‌ల సంఖ్య పోల్చి చూడండి. ఉరుములు మెరుపుల వేళ యాంటెన్నా కేబుల్ పీకేయండి. ఇది మర్చిపోవద్దు.

డేటా ఎవరికి ఇవ్వాలి? ఏది షేర్ చేయకూడదు?

ఫ్లైట్‌రాడార్24కు డేటా పంపితే బిజినెస్ ప్లాన్ ఉచితంగా ఇస్తారు. ఫ్లైట్‌అవేర్ ఎంటర్‌ప్రైజ్ అకౌంట్ ఇస్తుంది. పరిశోధకులకు ఉపయోగపడాలనుకుంటే ఓపెన్‌స్కై నెట్‌వర్క్ ఉంది. ఒకే రిసీవర్ నుంచి అన్నిటికీ పంపొచ్చు.

అన్ని విమానాలూ తమ స్థానం చెప్పవు, సైన్యానివి చాలాసార్లు చెప్పవు. పొరపాటున ఏదైనా కనిపించినా స్క్రీన్‌షాట్ తీసి గ్రూపుల్లో పెట్టకండి. రక్షణ దళాల కదలికలను లైవ్‌గా చూపించొద్దని 2025 ఏప్రిల్ 26న సమాచార ప్రసార శాఖ మీడియాతో పాటు సోషల్ మీడియా వాడేవాళ్లకూ సూచించింది. 1933 నాటి వైర్‌లెస్ చట్టం స్థానంలో 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం వచ్చింది కాబట్టి, కొనే ముందు ఇప్పుడున్న నిబంధనలు ఒకసారి చదవండి. 1090 మీద ఏదైనా ప్రసారం చేయడం మాత్రం ఆట కాదు, విమానాల భద్రతతో చెలగాటం.

ఇంతా చేస్తే ఉపయోగం ఏంటి?

ఏడీఎస్-బీ మొత్తం విమానం జీపీఎస్‌ను నమ్మే ఉంటుంది. ఆ జీపీఎస్‌నే ఎవరైనా మోసం చేస్తే? ఢిల్లీ దగ్గర విమానాలకు జీపీఎస్ స్పూఫింగ్ ఎదురైందని, హైదరాబాద్ సహా మరికొన్ని విమానాశ్రయాల నుంచీ ఇలాంటి ఫిర్యాదులు వచ్చాయని 2025 డిసెంబరులో పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు పార్లమెంటుకు చెప్పారు. విమానం తన స్థానంతో పాటు ఆ స్థానం ఎంత కచ్చితమో కూడా పంపుతుంది. ఆ విలువలు ఒక ప్రాంతంలో ఒక్కసారిగా పడిపోతే అక్కడ జీపీఎస్‌కు ఏదో అడ్డు తగులుతోందని అనుమానించొచ్చు. జీపీఎస్‌జామ్ అనే వెబ్‌సైట్ ప్రపంచ మ్యాప్ గీసేది ఈ డేటాతోనే.

అయితే తప్పు స్థానం చెబుతున్న విమానాన్ని, అసలు స్థానమే చెప్పని విమానాన్ని పట్టుకోవాలంటే ఒక్క రిసీవర్ చాలదు. ఒకే మెసేజ్ వేర్వేరు రిసీవర్లకు మైక్రోసెకన్ల తేడాతో చేరుతుంది. ఒక్కో మైక్రోసెకనుకు రేడియో తరంగం 300 మీటర్లు వెళ్తుంది కాబట్టి, ఆ తేడాల నుంచి విమానం ఎక్కడుందో తీయొచ్చు. దీన్నే ఎమ్‌లాట్ అంటారు. దానికి సాధారణంగా కనీసం నాలుగు రిసీవర్లు ఒకే విమానాన్ని వినాలి.

హైదరాబాద్‌లాంటి సిటీలో నలుగురు దొరకడం కష్టం కాదు. మన వైపు తక్కువ ఎత్తులో ఎగిరే విమానాన్ని నలుగురు వినాలంటే నందిగామలో ఒకటి, జగ్గయ్యపేటలో ఒకటి, మధిరలోనో మైలవరంలోనో ఇంకొకటి కావాలి. నాలుగోది వీరులపాడులో ఇప్పటికే నడుస్తోంది. మీ డాబా ఈ చుట్టుపక్కలే ఉంటే 6.9 సెంటీమీటర్ల రాగి తీగ ముక్కలతో మొదలుపెట్టండి.