విశాఖ విహారం వేడుకే... కెరటంతోనే జాగ్రత్త!

రణస్థలం: బడులకు సెలవులిచ్చారంటే చాలు, మన పల్లెల్లో పిల్లల నోట ఒకటే మాట. "ఇశాపట్నం ఎప్పుడెళ్దాం?" తెల్లవారకముందే రోడ్డు మీద చేతిసంచులు, నీళ్ల సీసాలు, పులిహోర క్యారేజీలతో ఇంటిల్లిపాదీ బస్సు కోసం నిలబడి ఉండడం కానవస్తుంది. రాత్రి తిరిగి దిగేటప్పుడు వారి ముఖాలు చూస్తే మాత్రం జాలి వేస్తుంది. ఒక్క రోజులోనే పది చోట్లు చూడాలని ఆటోల్లో పరుగులు తీసి, దేన్నీ తనివితీరా చూడక, చేతిలో డబ్బు వదిలించుకుని వచ్చేవారే ఎక్కువ.

పట్నం విహారానికి పెద్ద ఖర్చు అక్కరలేదు. రోజుకు రెండు, మూడు చోట్లు ఎంచుకుంటే చాలు. పిల్లాపాపలతో పలుమార్లు వెళ్లివచ్చిన ఈ విలేకరి తెలుసుకున్నది ఇదే. దీనితో పాటు సముద్రం దగ్గర మెలకువ అవసరమని కూడా ఒకసారి భయపడి తెలుసుకోవలసి వచ్చింది.

ఉదయం జూ

శ్రీకాకుళం వైపు నుంచి బస్సులో వెళ్లేవారికి మధురవాడ, ఎండాడ దాటగానే జాతీయ రహదారి పక్కనే ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాల తగులుతుంది. ఊళ్లోకి వెళ్లి మళ్లీ వెనక్కి రానక్కరలేదు. కంబాలకొండ అడవిని ఆనుకుని 625 ఎకరాల్లో ఉన్న ఈ జూను 1977లో ప్రారంభించారు. చెట్ల నీడన ఎంతసేపు నడిచినా విసుగనిపించదు. పొద్దెక్కితే జంతువులు నీడ పట్టున పడుకుంటాయి కనుక ఉదయమే వెళ్లడం మంచిది. పిల్లలు ముచ్చటపడినా జంతువులకు తినుబండారాలు విసరనీయరాదు. జూకు సోమవారం సెలవు. ఆ సంగతి తెలియక గేటు దగ్గర నిలబడి ఉసూరుమనేవారు ఎందరో!

సాయంత్రం జలాంతర్గామి

బీచి రోడ్డులో ఇసుక పక్కనే నిలిపి ఉన్న కురుసుర జలాంతర్గామి పిల్లలకే కాదు, పెద్దలకూ వింతే. 1969లో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధకాలంలో సేవలందించి, 2001లో విరమించిన ఈ నౌకను మరుసటి ఏడాది ఒడ్డుకు చేర్చి ప్రదర్శనశాలగా మార్చారు. పొడవు 91 మీటర్లు. గుండ్రటి ద్వారాల్లోంచి వంగి వంగి వెళుతూ ఉంటే, డెబ్బై మందికి పైగా నావికులు అంత ఇరుకులో ఎలా కాపురం చేశారా అని ఆశ్చర్యం వేస్తుంది. దీనికి కూడా సోమవారం సెలవే. రోడ్డుకు అవతల 2017లో ప్రారంభమైన టీయూ-142 యుద్ధవిమానం ఉంది. అక్కడి నుంచి ఇసుకలోకి దిగి మురీ మిక్చర్ పొట్లాలతో కూర్చుంటే చీకటి పడినా పిల్లలు లేవరు.

జనసమ్మర్దం గిట్టనివారికి భీమిలి దారిలో తొట్లకొండ ఉంది. విశాఖకు సుమారు 15 కిలోమీటర్లు. నౌకాదళం సర్వే చేస్తుండగా 1976లో బయటపడిన బౌద్ధక్షేత్రమిది. భిక్షువులు నీటి కోసం రాతిలో తొలిపించిన తొట్ల వల్లే కొండకు ఆ పేరు. కింద సముద్రం, పైన గాలి. ఎండ దిగాక వెళితే హాయి.

కన్ను మూసి తెరిచేలోగా...

ఇక అసలు మాట. క్రితం కార్తీకమాసంలో ఈ విలేకరి అక్క కొడుకు, పన్నెండేళ్లవాడు, విశాఖ తీరాన మోకాలిలోతు నీళ్లలో ఆడుతున్నాడు. పెద్దలందరం పది అడుగుల దూరంలోనే ఉన్నాం. కెరటం వెనక్కి వెళుతూ కాళ్ల కింద ఇసుకను లాగేసింది. కుర్రవాడు పడ్డాడు. లేచేలోగా నడుం లోతుకు పోయాడు. పక్కన వల బాగుచేసుకుంటున్న జాలరి ఒకాయన పరుగున వచ్చి జబ్బ పట్టి లాగకపోతే ఏమయ్యేదో! "కెరటం వొచ్చినపుడు కాదు నాయినా, ఎనక్కెల్లినపుడే బయం" అన్నాడాయన. అక్క ఏడుపు ఆపడానికి గంట పట్టింది.

ఒడ్డుకు వచ్చిన నీరంతా తిరిగి వెళ్లాలి కదా! కొన్నిచోట్ల అది ఒక కాలువలా కూడి వేగంగా లోపలికి పోతుంది. చుట్టూ కెరటాలు విరుగుతూ ఉంటే అక్కడ మాత్రం నీరు నిమ్మళంగా కనిపిస్తుంది. ఇదే మంచిచోటని కొత్తవారు అక్కడే దిగుతారు. ఆ ప్రవాహంలో చిక్కినవారు ఒడ్డుకేసి ఎదురీదితే సత్తువ పోతుంది. ఒడ్డు వెంబడి పక్కకు ఈది, ప్రవాహం దాటాక ఒడ్డుకు మళ్లాలి. అది చేతకానివారు తేలుతూ చెయ్యెత్తి కేకవేయాలి. ఒడ్డున ఉన్నవారు ఒకరి వెనుక ఒకరు దూకరాదు. తాడో, గాలి నింపిన ట్యూబో విసిరి, జాలరులనో, రక్షక సిబ్బందినో పిలవాలి.

సముద్రంతో రోజూ పని ఉన్నవారికి ఈ సంగతులు తెలుసు. తెలియనిది మెట్టప్రాంతం నుంచి వెళ్లే మనకే. మన చెరువుల్లో ఈత వచ్చినంత మాత్రాన సముద్రం లొంగదు. పిల్లలను విహారయాత్రకు తీసుకువెళ్లే ముందు ఈ నాలుగు మాటలు బడిలోనే చెప్పవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉంది. జనం దిగే చోట్ల పల్లెవారికి అర్థమయ్యే తెలుగులో పెద్ద అక్షరాల బోర్డులు ఉంచాలని తల్లిదండ్రులు కోరుతున్నారు.

పాదాలు తడుపుకుని, పిల్లల చేయి పట్టుకుని, తిరిగి ఇసుకలో కూర్చుంటే చాలు. చూసినంత సేపూ చూడనిచ్చేది సముద్రం ఒక్కటే. దానికి టిక్కెట్టు కూడా లేదు.