బరువు పెరిగితే చాలదు, బలం రావాలి

కాలేయ మార్పిడి చేయించుకున్నవారిని చూడడానికి వెళితే మనవాళ్ళు ముందు అడిగేది ఒకటే: "కాస్త ఒళ్ళు చేశావా?" చెరకు తోటల్లో గిర్మిట్ పని చేసిన మన పెద్దలకు చిక్కిపోవడమంటే భయం. ఆ భయం ఫిజీ నుంచి కాలిఫోర్నియా దాకా మన వెంటే వచ్చింది. అందుకే పళ్ళెం నింపి పెడతాం.

మా అన్నయ్య ఆపరేషన్ అయిన మూడు నెలలకు 14 పౌండ్లు పెరిగాడు. ఇంట్లో అందరం సంతోషించాం. అయినా సోఫాలోంచి లేవాలంటే వదిన చెయ్యి పట్టుకోవలసి వచ్చేది.

కండ ఎందుకు పోతుంది?

చెడిపోయిన కాలేయం చక్కెరను సరిగా నిలవ చేయలేదు. రాత్రిపూట శరీరం తన కండనే కరిగించి వాడుకుంటుంది. పొట్టలో నీరు చేరితే ఆ నష్టం తూకంలో కనిపించదు. కొత్త కాలేయాన్ని శరీరం తిరస్కరించకుండా ఇచ్చే ప్రెడ్నిసోన్ ఆకలిని పెంచుతుంది, ముఖానికీ పొట్టకీ కొవ్వు చేరుస్తుంది, కండను మాత్రం తగ్గిస్తుంది. అది, టాక్రోలిమస్ రెండూ రక్తంలో చక్కెరను పెంచగలవు. కాబట్టి అన్నం, మిఠాయిలు ఎక్కువ తింటే పెరిగేది బలం కాదు.

ఏం తినాలి, ఏం మానాలి?

కండకు మాంసకృత్తులు కావాలి. మామూలుగా చెప్పే లెక్క, కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాములు. 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. గుడ్డులో 6 గ్రాములుంటాయి, కప్పు ఉడికిన పప్పులో సుమారు 18. మూత్రపిండాల ఇబ్బంది ఉన్నవారికి లెక్క మారుతుంది, డాక్టరునే అడగాలి.

పంపరపనస, గ్రేప్‌ఫ్రూట్ తినకూడదు. అవి రక్తంలో టాక్రోలిమస్‌ను ప్రమాదకరంగా పెంచుతాయి. పచ్చి చేపతో చేసే కొకొండా వద్దు. గ్రాగ్ గిన్నె దగ్గర కూర్చున్నా తాగకూడదు. యంగోనా కాలేయానికి హాని చేయవచ్చని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2002లోనే హెచ్చరించింది.

కుర్చీ పరీక్ష

మొదటి 6 నుంచి 8 వారాలు 10 పౌండ్లకు మించి ఎత్తవద్దంటారు. 20 పౌండ్ల బియ్యం సంచి ఎవరైనా మోసి పెట్టాలి. నడక మాత్రం ఆసుపత్రిలోనే మొదలవుతుంది. బలం తెలుసుకోవడానికి సులభమైన పరీక్ష ఒకటుంది. చేతులు గుండెకు అడ్డంగా కట్టుకుని, 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలరో లెక్కపెట్టాలి. ఫిజియోథెరపీ మొదలుపెట్టినప్పుడు అన్నయ్యకు వచ్చినవి 4. ఇప్పుడు 11.

క్రిస్ క్లగ్ అనే స్నోబోర్డ్ ఆటగాడికి 2000లో కాలేయ మార్పిడి జరిగింది. 2002 సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్స్‌లో ఆయన కాంస్య పతకం గెలిచాడు. మనవాళ్ళకు పతకాలు అక్కరలేదు. గుడి మెట్లు తామే ఎక్కగలిగితే చాలు.

ఈసారి చూడడానికి వెళ్ళినప్పుడు లడ్డూల డబ్బా ఇంట్లోనే ఉంచండి. జలుబు, జ్వరం ఉంటే మీరూ ఇంట్లోనే ఉండండి. లేకపోతే నడక బూట్లు వేసుకుని వెళ్ళి, వారితో వీధి చివరి దాకా నడిచి రండి.