కంఠధ్వనియు డోలుమ్రోతయు

పులుసులో ఉప్పు తక్కువైనచో మరల వేసికొనవచ్చును. ఎక్కువైనచో తీయుట కష్టము. వీడియోను కూర్చునపుడు ధ్వని విషయమునను ఇదియే న్యాయమని మేము ఆలస్యముగా నేర్చితిమి. సోదరీమణులకు ఉపకరించునేమో యని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా ఆలేరు ప్రాంతమున మల్లన్న పట్నములు వేయించి ఒగ్గుకథ చెప్పించుట పూర్వాచారము. జనగామ సీమయందలి మాణిక్యాపురము వారగు చుక్క సత్తయ్యగారు, 2017లో పరమపదించిరి గాని, ఈ కళకు ఎనలేని కీర్తి తెచ్చిపోయిరి. మా యింట కథ జరిగిన రాత్రి మా అత్తగారు కథకులతో కలిసి వంత పాడిరి. పిల్లవాడు దానిని సెల్‌ఫోనులో పట్టెను. మఱుసటి యేడు ఆమె స్వర్గస్థురాలయ్యెను. ఆమె పాట మాకు మిగిలినది అందు మాత్రమే.

అందు డోలు మిన్నంటుచుండెను, ఆమె గొంతు సన్నగా నుండెను. మొదట మొత్తము ధ్వనిని పెంచితిమి. కంప్యూటరులో ధ్వనికి సున్న డెసిబెలు పైకప్పు వంటిది. అది దాటిన తరంగముల శిఖరములు తెగిపోవును. అట్లు భద్రపఱచిన ప్రతి మరల బాగుపడదు. పిమ్మట గొంతును డోలునుండి వేఱుచేయు సాధనము నుపయోగించితిమి. మా ఆడబిడ్డ విని, "వదినా, ఇది అమ్మ గొంతు కాదు" అనెను. గొంతులోని జీర పోయినది. అదృష్టవశమున ఫోనులో మూలప్రతి యుండెను.

అపుడు పిల్లవాడు వేఱొక మార్గము చూపెను. వీడియో నడచుచుండగనే ధ్వనిమీటను చేత పట్టి, ఆమె పాడు చరణమున పైకెత్తి, డోలు విజృంభించుచోట దింపవలెను. చేతికదలికలను కంప్యూటరు గుర్తుంచుకొని మరల అట్లే నడపును. ఇందు 'టచ్' అను పద్ధతిలో మీటను విడిచినంతనే ధ్వని పూర్వస్థితికి వచ్చును. 'లాచ్' పద్ధతిలో విడిచినచోటనే నిలుచును. 'రైట్' పద్ధతిలో వెనుకటి దిద్దుబాటులన్నియు చెఱగి క్రొత్తవి చేరును. క్రొత్తవారికి మొదటిదే క్షేమము. ఆఱు డెసిబెలులు పెంచిన తరంగపు ఎత్తు ఇంచుమించు రెట్టింపగును గనుక చేయి మెల్లగా కదలవలెను.

చేయి ఎల్లపుడు చెవికంటె వెనుకబడును. కావున పాటను నాలుగైదు మాఱులు విని, డోలుదెబ్బ రాకకు ముందే మీట దింపవలెను. తుదకు ఫోనులోను వినిచూడవలెను. బంధువులు వినునది అందే గదా.

1932 నాటి 'భక్త ప్రహ్లాద' మొదలుగా తొలి టాకీలలో నటులు చిత్రీకరణ వేళనే పాడెడివారు. తరువాతి కాలమున ధ్వని కలుపువారు తెఱ చూచుచు మీటలు నడిపిరి. వేయి అడుగుల రీలు పదునొకండు నిమిషములు నడచును. నడుమ తప్పు దొర్లిన మరల మొదటినుండి పట్టవలసినదే. మనకట్టి శ్రమ లేదు.

ఒకచోట అత్తగారు పాట ఆపి దగ్గిరి. పిల్లవాడు దానిని తగ్గింపబోగా మేము వలదంటిమి.

సోదరీమణులారా! మీ యింటి పెద్దలు పాడునపుడు ఫోనును డోలునకు దూరముగా, పాడువారికి మూరెడు దూరమున నుంచుడు. మూలప్రతిని వేఱొకచోట దాచి, పిదప దిద్దుడు. మేము ఆ రాత్రి ఫోనును డోలు ప్రక్కనే పెట్టితిమి.