వ్యానులో రెండవ బ్యాటరీ

రెండేండ్ల కొకసారి మేడారము జాతర వచ్చినప్పుడు మా హుస్నాబాదు నుండి కుటుంబములు వ్యాను మాట్లాడుకొని బయలుదేరును. బియ్యము, గిన్నెలు, అమ్మవార్లకు సమర్పించు ‘బంగార’మను బెల్లము, అన్నియు అందులోనే. రెండు రాత్రులు వ్యానే ఇల్లు. దీపములకు, ఫంకాకు, ఫోనులకు కరెంటును ఇంజను బ్యాటరీ నుండియే తీసికొన్నచో, తిరుగు ప్రయాణమునాడు తాళము త్రిప్పిన ‘టిక్కు’మను శబ్దము తప్ప మరేమియు రాదు.

సీసపు బ్యాటరీని 1859లో ఫ్రాన్సు దేశస్థుడు గాస్టన్ ప్లాంటే నిర్మించెను. ఇంజను బ్యాటరీలోని పలకలు పలుచనివి. కొన్ని క్షణములు వందల ఆంపియర్ల నిచ్చుటకే అవి తగును. వానిని మెల్లగా అడుగంట ఖాళీచేసి వదలినచో సీస గంధకితము గట్టిపడి మరల కరగదు. కావున మందమైన పలకలుగల రెండవ బ్యాటరీ కావలెను. ఇంజను ఆగగానే రెండింటిని విడదీయు రిలే ఒకటి నడుమ నుండవలెను.

ఎంత పెద్దది? 10 వాట్ల దీపములు రెండు 5 గంటలు వెలిగిన 100 వాట్-గంటలు, 24 వాట్ల ఫంకా 10 గంటలు తిరిగిన 240, ఫోనులకు 60. మొత్తము 400ను 12 వోల్టులచే భాగించిన 33 ఆంపియరు-గంటలు. సీసపు బ్యాటరీని సగమునకు మించి వాడరాదు గనుక ఒక రాత్రికి 70 ఆంపియరు-గంటలది చాలును. జాతరలో బండి కదలదు. రెండవ రాత్రికి రెట్టింపు సామర్థ్యమో, పైకప్పుపై సౌరఫలకమో తప్పదు. లిథియం-ఇనుప ఫాస్ఫేటు రకము తేలిక, నూటికి 80 వంతులు వాడవచ్చును. కాని అది ఎక్కువ ప్రవాహమును లాగి ఆల్టర్నేటరును వేడెక్కించును గనుక, దానికి రిలే బదులు ప్రత్యేక చార్జరు అమర్చవలెను.

“12 వోల్టులే గదా, షాకు కొట్టదు” అని అందరును తేలికగా చూతురు. షాకు కొట్టని మాట నిజమే. కాని బ్యాటరీ లోపలి నిరోధము ఓములో నూరవవంతు మాత్రమే అనుకొందము. 10 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ 6 మీటర్లకు నిరోధము దాదాపు అంతే. కుదుపులకు ఆ తీగ ఇనుప అంచుపై ఒరసి, తొడుగు చినిగి వ్యాను దేహమును తాకినదనుడు. దేహము ఋణధ్రువమునకు కలిసియే యుండును. ఓము సూత్రము ప్రకారము 12 ÷ 0.02 = 600 ఆంపియర్లు! తీగలో పుట్టు వేడి 600 × 600 × 0.01 = 3,600 వాట్లు. రెండు కరెంటు పొయ్యిల వేడి, పిల్లలు పండుకొన్న పరుపు క్రింద.

అందుచే ఈ తీగకు 50 ఆంపియర్ల ఫ్యూజు ప్రతి బ్యాటరీ ధనధ్రువమునకు జానెడు దూరములోనే ఉండవలెను. రెండు కొసలను రెండు బ్యాటరీలున్నవి గనుక ఒక ఫ్యూజు చాలదు. అది తెగినను రెండవ కొస నుండి ప్రవాహము వచ్చుచునే యుండును. ఒక వ్యానులో ఫ్యూజునకు బదులు సిగరెట్టు పెట్టెలోని రేకు చుట్టియుండుట చూచితిని. దాని యజమాని మంచి డ్రైవరే!

సీసపు బ్యాటరీ చార్జింగు చివరిదశలో నీరు విడిపోయి ఉదజని, ఆమ్లజని వెలువడును. గాలిలో ఉదజని నూటికి 4 పాళ్ళు చేరిన నిప్పురవ్వకు అంటుకొనును. బ్యాటరీని మూతగల పెట్టెలో నుంచి, ఆ వాయువు తేలికైనది గనుక పైభాగము నుండియే గొట్టమును బయటికి తీయవలెను. పెట్టెను నేలకు పట్టీతో బిగింపవలెను.

విప్పునప్పుడు ముందు ఋణధ్రువము, బిగించునప్పుడు చివర ఋణధ్రువము. ధనధ్రువము విప్పుచుండగా పానా వ్యాను దేహమునకు తగిలినను, ఋణధ్రువము అప్పటికే విడిపోయి యున్నందున వలయము పూర్తికాదు.