మెడలో స్టెరాయిడ్ సూది: అంకెలు ఏమంటున్నాయి?

దాచేపల్లి, నడికూడి సున్నం బట్టీల్లో రాళ్లు మోసేవాళ్లయినా, మిర్చి టిక్కీలు ఎత్తేవాళ్లయినా, మెడ నుంచి చెయ్యి జివ్వున లాగితే ముందు తిట్టుకునేది బరువునే. అమెరికాలోని రోచెస్టర్‌లో 1976–90 మధ్య ఇలా మెడ నరం నలిగే జబ్బు వచ్చిన 561 మందిని పరిశీలిస్తే, బరువు పనివల్లో దెబ్బవల్లో మొదలైంది 100లో 15 మందికే. ఎక్కువమందిలో వయసుతో డిస్కు అరిగో, ఎముక పెరిగో, డిస్కు జారో నరం నలుగుతుంది.

అదే పరిశీలనలో 100లో 26 మందికి ఆపరేషన్ అయింది. సుమారు 5 ఏళ్ల తర్వాత చూస్తే 100లో 90 మందికి బాధ లేదు, ఉన్నా స్వల్పమే. అందుకే మెడలో స్టెరాయిడ్ సూది వేశాక తగ్గిన ప్రతి నొప్పినీ సూది ఖాతాలో వేయలేం.

7 ఎముకలు, 8 జతల నరాలు

మెడలో ఎముకలు 7, నరాలు 8 జతలు. తిమ్మిరి బొటనవేలికి దిగితే 6వ నరం, నడివేలికైతే 7వది, చిటికెనవేలికైతే 8వది అని అనుమానిస్తారు. ఎక్కువగా నలిగేది 7వదే. డాక్టరు ముందు ‘ఏ వేలు?’ అని అడిగేది అందుకే.

72, 68

కెంటకీలో స్థిరపడిన తెలుగు వైద్యుడు లక్ష్మయ్య మంచికంటి బృందం మెడ డిస్కు జారిన 120 మందిని రెండు జట్లు చేసింది. ఒక జట్టుకు మెడ వెన్నులో మత్తుమందు సూది మాత్రమే, రెండో జట్టుకు మత్తుమందుతో పాటు స్టెరాయిడ్ ఇచ్చింది. రెండేళ్ల తర్వాత బాగా మేలు కనిపించింది మొదటి జట్టులో 72 శాతానికి, రెండో జట్టులో 68 శాతానికి. అంటే స్టెరాయిడ్ అదనంగా చేసిందేమీ కనపడలేదు. ఉత్తుత్తి సూది వేసిన జట్టు లేనందున మేలు మందుదా, కాలానిదా అన్నదీ తేలలేదు.

2025లో అమెరికా నరాల వైద్యుల అకాడమీ 90 అధ్యయనాలను సమీక్షించింది. నరం నొప్పికి స్టెరాయిడ్ సూది వేస్తే, వేయనివాళ్లతో పోలిస్తే 3 నెలల్లోపు 100లో మరో 24 మందికి ఉపశమనం దొరుకుతుందని తేల్చింది. అయితే ఆ అధ్యయనాలు ఎక్కువగా నడుము మీద చేసినవి. మెడకు ఆధారాలు చాలవంది. అదే ఏడాది బ్రిటన్ వైద్య పత్రిక బీఎంజే మార్గదర్శకం 3 నెలలు దాటిన వెన్ను నొప్పులకు ఈ సూది వద్దని గట్టిగా చెప్పింది. నొప్పి వైద్యుల సంఘాలు ఒప్పుకోలేదు.

అరుదే, కానీ పెద్ద ముప్పు

2014 ఏప్రిల్ 23న అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ సూదితో అరుదుగా చూపు పోవడం, పక్షవాతం, మరణం సంభవించవచ్చని హెచ్చరించింది. ట్రయామ్సినొలోన్ లాంటి రేణువులున్న మందు పొరపాటున రక్తనాళంలోకి వెళితే మెదడుకో వెన్నుపాముకో రక్తం అందదు. 2015లో నిపుణులు నియమాలు పెట్టారు: ఎక్స్‌రే తెరపై చూస్తూ వేయాలి, వెనకనుంచి వేస్తే మెడ అడుగునే గుచ్చాలి, పక్కనుంచి వేస్తే రేణువుల మందు వాడకూడదు.

షుగరున్నవాళ్లకు సూది తర్వాత కొన్ని రోజులు చక్కెర పెరుగుతుంది, రోజూ చూసుకోవాలి. రక్తాన్ని పలచబరిచే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి.

నొప్పి నిద్రపట్టనివ్వక, మాత్రలూ వ్యాయామాలూ కొన్ని వారాలు వాడినా తగ్గకపోతే, గుంటూరుకో నరసరావుపేటకో వెళ్లి సూది గురించి అడగొచ్చు. కానీ పట్టు తప్పి చేతిలో గ్లాసు జారుతున్నా, నడక తూలుతున్నా, మూత్రం అదుపు తప్పినా సూది కోసం చూడకుండా వెంటనే వెన్నెముక సర్జన్‌ను కలవాలి.