అలక ఎక్కడ దాగింది?

గత ఆషాఢంలో ఒక సాయంకాలం, కలకత్తా వీధులలో మోకాటి లోతు నీరు నిలిచిన వేళ, నేనొక చిన్న మాట కోసం నా సొంత వ్రాతలను గాలించవలసి వచ్చింది.

వంగభాషలో 'అభిమాన్' అనే మాట వున్నది. తెలుగువారు దానిని చూడగానే మన 'అభిమానం' అనుకుంటారు. అది పొరబాటు. తనవారే తనను పట్టించుకోలేదన్న నొప్పి, ఆ నొప్పిని పైకి చెప్పనివ్వని బెట్టు, ఎవరైనా దగ్గరకు తీసుకొని అడిగితే ఇట్టే కరగిపోయే మెత్తదనం, ఇవన్నీ కలిసినది వారి అభిమాన్. పుష్కరకాలం క్రిందట ఒక కథాసంపుటిని అనువదిస్తూ, దీనికి చక్కని తెలుగు పలుకుబడి పట్టుకున్నట్లు లీలగా జ్ఞాపకం. ఇప్పుడదే రచయిత్రి రెండవ సంపుటి నా బల్ల మీద వున్నది. పాత్రలు అవే, కనుక మాట కూడ అదే పడాలి. వ్రాతప్రతి అప్పగించడానికి మూడు రోజులే గడువు. మొదటి సంపుటి అచ్చుప్రతిని ఎవరికో చదవడానికి ఇచ్చాను. ఇచ్చిన పుస్తకాలు తిరిగివచ్చే తీరు పాఠకులకు తెలియనిది కాదు.

కంప్యూటరులో ఇరవై యేళ్ల వ్రాతలున్నవి. వ్యాసాలు, అనువాదాలు, దినచర్య పుటలు కలిపి ఆరువందలకు పైమాటే. వెదికే పెట్టెలో 'అలక' అని కొట్టాను. ఏమీ లేదన్నది. 'అభిమాన్' అని కొట్టాను. అదీ లేదన్నది. వ్రాసిన మనిషి వున్నదని చెబుతుంటే, దాచిన యంత్రం లేదంటున్నది!

గడువుకు ప్రతిని పంపివేశాను. అన్నిచోట్లా 'అలక' అనే వ్రాశాను. కాని మనసు ఊరుకోలేదు. నా వ్రాతలకు తగిన వెదికే సాధనం ఏదో తేల్చుకొనేదాకా వేరే పని ముట్టరాదనుకున్నాను.

వెదికే సాధనం మనం అడిగినప్పుడల్లా పుటలన్నీ చదువుతుందని చాలామంది భావిస్తారు. సాధారణంగా అది అలా చేయదు. ఏ మాట ఏయే పుటలలో వున్నదో ముందే ఒక పదసూచిక కట్టుకొని, అడిగినప్పుడు ఆ సూచికను మాత్రమే చూస్తుంది. ఈ ఉపాయం కంప్యూటరుతో పుట్టినది కాదు. పదమూడవ శతాబ్దిలోనే పారిస్‌లో, హ్యూ ఆఫ్ సేంట్ షేర్ అనే క్రైస్తవ సన్న్యాసి పూనికతో బైబిలుకు అటువంటి సూచిక తయారైనది. ఇటలీకి చెందిన ఫాదర్ రొబెర్తో బూసా 1949లో ఐబిఎం వారి సహాయంతో థామస్ అక్వినాస్ రచనలకు సూచిక కట్టడం ప్రారంభించాడు. అది ముగియడానికి సుమారు ముప్పై యేళ్లు పట్టింది. అచ్చులో 56 సంపుటాలయింది. అంత కాలమెందుకు? లాటిను పదాలు విభక్తులను బట్టి రూపాలు మారుస్తాయి. ఆ రూపాలన్నిటినీ మూలపదం క్రిందకు చేర్చడం మనుషులు కూర్చొని చేయవలసిన పని.

మన భాష సంగతి ఇంతకంటె చిక్కు. 'ఇల్లు' అని అడిగితే 'ఇంటికి', 'ఇళ్లలో' అనేవి అక్షరానికి అక్షరం పోల్చే సాధనానికి పరాయి మాటలు. 'రాత్రంతా' అన్న చోట 'రాత్రి'ని సంధి మ్రింగివేసింది. ఇంగ్లీషు కోసం కట్టిన సాధనం 'బుక్స్' తోక కత్తిరించి 'బుక్' చేసుకోగలదు. ఆ కత్తెర మన ప్రత్యయాలను ఎరుగదు.

ఇవి చాలనట్లు లిపి తెచ్చే ఇబ్బందులు. ఈ నగరం పేరే తీసుకోండి. 2001 జనవరి 1 నుండి అధికారికంగా కోల్‌కతా అయినది. నా పాత వ్యాసాలలో కలకత్తా. ఆ కొత్త పేరునైనా ఒక్క తీరున వ్రాయము. 'ల'కు 'క' ఒత్తు కాకుండా ఆపే కనబడని గుర్తు ఒకటి కంప్యూటరు లిపిలో వున్నది. కొందరు దానిని పెడతారు, కొందరు పెట్టరు. కంటికి అది చిన్న తేడా. చాలా యంత్రాలకు అవి రెండు వేరు మాటలు. యూనికోడు వాడుకలోకి రాకముందు పాత డిటిపి ఫాంట్లలో కొట్టిన పుటలైతే మరీ అన్యాయం. తెర మీద తెలుగు కనబడుతుంది, లోపల వున్నవి మాత్రం సంబంధం లేని ఇంగ్లీషు గుర్తులు. అటువంటి నా పాత పుటలను ముందుగా యూనికోడులోకి మార్చవలసి వచ్చింది. అందుకే ఒక వేసవి సగం గడిచిపోయింది.

ఒక్క మనిషి వ్రాతలను ఎలా వెదకాలో చూపిన పెద్ద ఉదాహరణ ఈ ఊళ్లోనే వున్నది. రవీంద్రుని నూట యాభైయవ జయంతి సందర్భంగా, జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో ఆచార్య సుకాంత చౌధురి నాయకత్వాన సిద్ధమై, 2013లో అందరికీ అందుబాటులోకి వచ్చిన 'విచిత్ర' అది. 47 వేలకు పైగా వ్రాతప్రతుల పుటలు, 91 వేలకు పైగా అచ్చు పుటలు అందులో చేరినవి. ఒక మాట ఇస్తే అది వచ్చిన చోట్లన్నీ వరుసగా చూపుతుంది. ఒకే రచన వివిధ పాఠాలను ప్రక్క ప్రక్కన పెట్టి, ఎక్కడ ఏ మాట మారిందో చెబుతుంది. కొట్టివేతలను బొమ్మలుగా మలచిన కవి చేతివ్రాతను యంత్రం తనంత తాను చదవలేదు. మనుషులే చదివి ఎత్తివ్రాశారు. నేను ఇంగ్లీషు సాహిత్యం చదివిన రోజులలో ఇటువంటిది వుండి వుంటే నా కళ్లజోడు మరికొన్నేళ్లు ఆలస్యంగా వచ్చేది.

నావంటి వారికి అంత సరంజామా అక్కరలేదు. దొరికే సాధనాలు ముఖ్యంగా మూడు తరహాలు. గూగుల్ వంటి బయటి సంస్థకు అప్పగించడం సులువే. కాని అది ప్రకటించిన పుటలనే చూస్తుంది, అదీ తన తీరికను బట్టి. దినచర్య పుటలను పరాయి చేతిలో పెట్టడం నాకు సమ్మతం కాదు. రెండవది, పూర్తి మాటలతో సూచిక కట్టే చిన్న సాధనం. నన్ను మోసగించినది ఈ తరహాదే. మూడవది మాటను మూడేసి గుర్తుల ముక్కలుగా కోసి సూచిక కట్టేది. దీనికి వ్యాకరణం తెలియదు, తెలియనక్కరలేదు. 'పుస్తక' అంటే పుస్తకం, పుస్తకాలు, పుస్తకమంతా, అన్నీ వలలో పడతాయి. సూచిక లావవుతుంది. పొట్టి మాటలకు చెత్త కూడ వస్తుంది: 'కల' అని అడిగితే కలము, సకలము, చివరకు కలకత్తా కూడ! అర్థాన్ని బట్టి వెదికే కొత్త సాధనాలు కూడ వచ్చినవి. అవి 'అలక'కు 'కినుక'ను తెచ్చి ఇవ్వగలవు. కాని అనువాదకునికి కావలసినది దగ్గరి మాట కాదు, ఆ మాటే.

ఎంచుకొనే ముందు, ఎక్కడ వున్నవో నాకు కచ్చితంగా తెలిసిన పది మాటలు కాగితం మీద వ్రాసుకొని ప్రతి సాధనాన్నీ అడిగాను. ప్రకటనలు వంద చదివినా తేలని సంగతి ఈ పది మాటలతో అరగంటలో తేలింది. మూడవ తరహాయే నెగ్గింది.

అది కూడ కలకత్తాను, కోల్‌కతాను ఒకటిగా ఎరుగదు. దానికి మందు అలీపూర్‌లో, బెల్వెడీర్ భవనంలో జాతీయ గ్రంథాలయం పాఠకులకు తలుపులు తెరచిన 1953 నాటికే పాతది. కార్డుల సొరుగులో ఒక పేరు దగ్గర 'ఫలానా పేరు చూడుము' అనే కార్డు పెట్టేవారు. నేనూ ప్రతి వ్రాత అడుగున ఒక పంక్తిలో మారుపేర్లు, పర్యాయపదాలు చేర్చడం మొదలుపెట్టాను. రోజుకు పది పుటలు, అంతే.

కొత్త సాధనం సిద్ధమైన రాత్రి మళ్లీ 'అభిమాన్' అని కొట్టాను. ఒక పాత దినచర్య పుట తెరచుకున్నది: 'అభిమాన్‌కు తెలుగు దొరికింది. చిన్నబుచ్చుకోవడం.' ఆ 'కు' ప్రత్యయం అంటుకొని వున్నందుకే మొదటి సాధనం దానిని లేదన్నది. 'అలక' నేను వాడనే లేదు.

ప్రూఫులు వచ్చినప్పుడు 'అలక'లన్నిటినీ కొట్టివేసి, 'చిన్నబుచ్చుకున్నది' అని దిద్దాను. ఒక్క చోట మాత్రం అలకనే వుంచాను. ఆ కథలో పిల్లకు ఏడేళ్లు; మంచం క్రింద దూరి కూర్చున్నది.